అర హెచ్‌పీ మోటారుకి ఆరంగుళాల సానరాయి ఎలా బిగించాలి?

కొత్తచెయ్యి:
అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఖాళీగా ఉంది. ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. షాఫ్ట్ 14 మి.మీ., బయటికి 30 మి.మీ. పొడుచుకొని ఉంది. 5 మి.మీ. చాబీ గాడి (షాఫ్ట్ మీద తొడిగినది జారకుండా ఇనుప ముక్క పెట్టే గాడి) ఉంది గానీ మర లేదు. దీనికి 6 అంగుళాల గ్రైండింగ్ రాయి పెట్టి కత్తులు, గొడ్డళ్లు, పారలు సాన పట్టే మెషిన్ చేద్దామని. రాయి మందం 20 మి.మీ., బోరు (మధ్య రంధ్రం) 31.75. దాంతోపాటు ఆ రంధ్రాన్ని చిన్నది చేసే ప్లాస్టిక్ బుష్‌లు వచ్చాయి, వాటిలో 14 సైజు లేదు. షాఫ్ట్‌కి టేపు చుట్టి రాయి ఎక్కించి, చివర నట్టు వెల్డింగ్ చేస్తే ఆగుతుందా?

లేత్‌బెడ్:
రెండూ వద్దండీ. టేపు వేడికి, అదురుకి నలిగి రాయి ఒక పక్కకి జరుగుతుంది. అర మిల్లీమీటరు జరిగినా చాలు, మెషిన్ మొత్తం ఊగుతుంది. వెల్డింగ్ వేడికి షాఫ్ట్ వంగుతుంది. పైగా ఎర్త్ క్లాంపు మోటారు బాడీకి తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా పోయి, గోళీలు తిరిగే దారిలో గుంటలు పడతాయి.

లేత్ షాపులో అడాప్టర్ (షాఫ్ట్‌కి తొడిగి రాయిని పట్టుకునే ముక్క) చేయించండి. 60 మి.మీ. ఎంఎస్ (మామూలు మెత్తని ఉక్కు) రాడ్డు, 90 మి.మీ. ముక్క సరిపోతుంది. వెనక 30 మి.మీ. లోతున 14 బోరు, లోపల చాబీ గాడి. ఆ తర్వాత 10 మి.మీ. మందం, 55 వ్యాసం ఉన్న ఫ్లాంజ్ (రాయి ఆనుకునే వెడల్పాటి బిళ్ల). దాని ముందు రాయి కూర్చునే సీటు. మీ బుష్‌లలో 5/8 అంగుళం ఉంటే సీటు 15.8 మి.మీ. పెట్టించండి. చివర 25 మి.మీ. మేర ఎం14 (14 మి.మీ. వ్యాసం) మర.

ఎక్కువ మంది పొరపాటు చేసేది సీటు పొడవు దగ్గరే. రాయి 20 అయితే సీటు 18 మించకూడదు. సమానంగా ఉంటే బయటి ఫ్లాంజ్ (నట్టు వైపు పెట్టే విడి బిళ్ల) సీటు అంచుకి తగిలి ఆగిపోతుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, రాయి మాత్రం లోపల జారుతుంది.

టర్నర్‌కి ఒక మాట గట్టిగా చెప్పండి: ముందు బోరు వేసి, ముక్కని 14 మాండ్రిల్ (బోరులో దూర్చి పట్టే రాడ్డు) మీద ఎక్కించి, ఫ్లాంజ్ ముఖం, సీటు, మర ఒకే సెట్టింగ్‌లో తీయాలి. విప్పి మళ్లీ పట్టిస్తే కేంద్రం తప్పుతుంది. బోరు నూనె రాసి చేత్తో తోస్తే ఎక్కేంత బిగువుగా ఉండాలి. వదులైతే గ్రబ్ స్క్రూలు (పక్క నుంచి షాఫ్ట్ మీదికి బిగించే తల లేని స్క్రూలు) అడాప్టర్‌ని ఒక పక్కకి నెట్టేస్తాయి. ఎం6 గ్రబ్ స్క్రూలు రెండు చాలు: ఒకటి చాబీ మీదికి, రెండోది 90 డిగ్రీల పక్కన.

బయటి ఫ్లాంజ్ కూడా అదే 55 ఉండాలి (రాయి వ్యాసంలో మూడో వంతుకి తగ్గకూడదు). రెండింటి ముఖాలూ మధ్యలో కొంచెం తోడి ఉంటే అంచులే రాయిని పట్టుకుంటాయి. రాయికి అంటించిన అట్ట లేబుళ్లు పీకకండి. ఇనుముకీ రాయికీ మధ్య మెత్తగా సర్దుకునేవి అవే.

వైండింగ్‌షాపు:
మర కోయించే ముందు తిరిగే దిక్కు చూసుకోండి. నట్టు వైపు నుంచి చూస్తే షాఫ్ట్ గడియారానికి ఎదురు తిరిగితే మామూలు కుడి మర. గడియారం ముల్లులా తిరిగితే ఎడమ మర కావాలి, లేకపోతే పని పెట్టినప్పుడల్లా నట్టు విప్పుకుంటుంది. మీరు నిలబడే వైపు రాయి ముఖం కిందికి దిగాలి. దిక్కు మార్చాలంటే స్టార్టింగ్ కాయిల్ రెండు కొసలూ తారుమారు చేస్తే చాలు, ప్లగ్గు తీసేశాకే. మోటారు మూసిన బాడీదేనా? గాలి కన్నాలు ఉన్న రకమైతే రాతి పొడి, ఇనుప రజను లోపలికి లాగేసుకుంటుంది, వైండింగ్ పోతుంది.

కొత్తచెయ్యి:
మూసిన బాడీనే, వెనక ఫ్యాన్ ఉంది. రాయి మీద 35 మీ./సె. అని ఉంది. 1440 తక్కువ కాదా?

లేత్‌బెడ్:
ఆ 35 గరిష్ఠ హద్దు. ఆరంగుళాల రాయికి అది సుమారు 4450 ఆర్‌పీఎం. మీది 1440 దగ్గర 11 మీ./సె. పైచిలుకు. పని నెమ్మది, కానీ కత్తి అంచు తొందరగా నీలం తిరగదు. నీలం వచ్చిందంటే ఆ మేర పదును నిలవదు. పారలకి 36 గ్రిట్ (రాయి గరుకు, అంకె పెరిగేకొద్దీ నునుపు), కత్తులకి 60. ఆకుపచ్చ రాయి కార్బైడ్ పనిముట్లకి, దీనికి వద్దు.

బిగించే ముందు రాయిని బోరులో వేలు పెట్టి వేలాడదీసి, నిలువు గీతకి 45 డిగ్రీల పక్కన, అంచు నుంచి అంగుళం లోపల స్క్రూడ్రైవర్ చెక్క పిడితో తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే పగులుంది, పారేయండి. గార్డు 3 మి.మీ. ఇనుప రేకుతో చేయించండి, రాయి పావు వంతే బయటికి కనపడాలి. టూల్ రెస్ట్‌కీ రాయికీ సందు 3 మి.మీ. దాటితే కత్తి అందులోకి దిగి ఇరుక్కుంటుంది. రాయి అరిగేకొద్దీ దాన్ని ముందుకి జరపండి, మోటారు ఆపాకే. మొదటిసారి స్విచ్ వేశాక ఒక నిమిషం పక్కకి నిలబడండి, రాయికి ఎదురుగా కాదు.