భోగి మంట: ఖాళీ ప్లాటులో ఎంత కట్టె, ఎంత దూరం, ఎలా ఆర్పాలి?

ముగ్గులవీధి:
ఈసారి భోగికి కాలనీలో స్నేహితులం 20 మందిమి కలిసి మంట వేద్దామనుకుంటున్నాం. 40×60 ఖాళీ ప్లాటు ఉంది. ఒక చివర ప్రహరీ, రెండో చివర రోడ్డు, రోడ్డు వెంట కరెంటు తీగలు. పాత సోఫా, ప్లైవుడ్ తలుపులు, రెండు టైర్లు ఇస్తామంటున్నారు. వేయొచ్చా? కట్టె ఎంత కొనాలి?

కోనసీమ_కట్టె:
ఆ మూడూ వద్దండి. సోఫా నురుగు కాలితే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురు, టైరులో గంధకం. పైగా జనవరి తెల్లవారుజామున చల్లగాలి నేలకి అతుక్కుని ఉంటుంది, పొగ పైకి లేవదు, మనుషుల ముఖాల ఎత్తులోనే తిరుగుతుంది. పాతవి వేయడం ఆనవాయితీ కదా అంటే, రంగు వేయని మంచం కోళ్ళు, చీపుళ్ళు, వెదురు చేటలు, తాటాకు చాపలు వేయండి. చేటకి ప్లాస్టిక్ అంచు ఉంటే ముందే ఊడదీయాలి. ముదురు వెదురు బొంగు మాత్రం కణుపు కణుపుకీ చీల్చి వేయాలి, లేకపోతే లోపలి గాలి వేడెక్కి టపాకాయలా పేలి నిప్పులు ఎగరగొడుతుంది. గన్నేరు కొమ్మలు అసలు తాకొద్దు, దాని పొగ విషం.

20 మందికి, రెండు గంటలకి 50 కిలోల చీల్చిన కట్టె సరిపోతుంది. సగం సరుగుడు, సగం తుమ్మ లేదా చింత. సరుగుడు తొందరగా అందుకుంటుంది, తుమ్మ నిప్పు నిలుపుతుంది. రెండు ముక్కలు కొట్టి చూడండి: ఎండినదైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. చివర్లలో పగుళ్ళు కూడా ఉండాలి. కొని తెచ్చాక మంచుకి తడవకుండా టార్పాలిన్ కప్పండి. పొగంతా తడి కట్టెదే.

డల్లాస్_గోంగూర:
దూరం గురించి కచ్చితమైన లెక్క కావాలంటే, ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్ళు పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో (అగ్ని భద్రతా నియమావళి) ఉంది. 3 అడుగుల వ్యాసం, 2 అడుగుల ఎత్తు లోపు మంటకి కట్టడాల నుంచి 25 అడుగులు. అంతకు మించిన పెద్ద మంటకి 50 అడుగులు. ముగ్గులవీధి గారూ, మీ 60 అడుగుల పొడవులో నడుమన వేస్తే అటు ప్రహరీ, ఇటు తీగలు 30 అడుగుల్లో ఉంటాయి. కాబట్టి చిన్న మంటే వేయాలి. ఆరడుగుల గోపురం కట్టే చోటు కాదది. అమెరికాలో ఉన్నవాళ్ళు వేసే ముందు కౌంటీ బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటలు వేయకుండా నిషేధం) ఉందేమో ఆ రోజే చూసుకోండి, గాలి ఎక్కువగా ఉంటే అప్పటికప్పుడు పెడతారు.

వరంగల్_గొంగడి:
తారు రోడ్డు మీద వేయకండి, కరిగి గుంట పడుతది. సిమెంటు మీదైతే లోపలి తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. మట్టి నేలే మంచిది, చుట్టూ 10 అడుగుల మేర గడ్డి చెక్కేయాలి. వాగు రాళ్ళు పేర్చొద్దు, నీళ్ళు పీల్చిన రాయి పగులుతది. పొడి ఇటుకలు చాలు. ఇక బట్టలు: పాలిస్టర్ శాలువా, నైలాన్ చీర కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలువి కట్టుకోవాలి, కొంగు నడుముకి దోపాలి, చున్నీ వెనక ముడేయాలి. ఒక ఉన్ని గొంగడి దగ్గర పెట్టుకోండి. బట్టకి అంటుకుంటే పరుగెత్తనీయకుండా పడుకోబెట్టి దానితోనే కప్పాలి.

కోనసీమ_కట్టె:
పేర్చడం: అడుగున మణికట్టు లావు దుంగలు రెండు, జానెడు ఎడంగా, గాలి వచ్చే దిక్కుకి నోరు పెట్టి. ఆ సందులో కొబ్బరి పీచు, ఎండు తాటాకు. దాని మీద పెన్సిల్ లావు చిదుగులు, ఆపైన బొటనవేలు లావువి, తర్వాత అడ్డం, నిలువుగా పెట్టెలా మూడు వరసలు. నిలువుగా గుడిసెలా నిలబెట్టినది గాలి వైపు ముందు కాలి అటు ఒరుగుతుంది, అక్కడే పిల్లలుంటారు. పెట్టె కట్టినది తనలోకే కూలుతుంది. కర్పూరం బిళ్ళలు నాలుగు పీచులో దోపి, గాలి వచ్చే వైపు నుంచి అంటించండి. పొగ చుట్టుకుంటే కట్టె ఇంకా వేయకండి, కింద గాలి ఆడటం లేదని అర్థం. ఇనుప కమ్మీతో పై దుంగ జానెడు లేపితే గుప్పున మండుతుంది. పిడకలు కుప్పగా పడేస్తే ఊపిరాడక మసి పొగ వస్తుంది, అంచు మీద ఒరగబెట్టాలి.

పిల్లల పిడకల దండలు విసరనివ్వకండి. ఆరడుగుల కర్ర చివర తగిలించి మంటలోకి జార్చాలి.

విశాఖ_సెగ:
రాజుకోకపోతే పెట్రోలు పోసేవాళ్ళు ప్రతి ఏటా కనిపిస్తున్నారు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకి కాళ్ళ చుట్టూ చేరుతుంది, అగ్గిపుల్ల గీస్తే మనిషితో సహా అంటుకుంటుంది. మండుతున్న దాని మీద డబ్బాతో పోస్తే మంట ధార వెంట డబ్బాలోకి వస్తుంది. కిరోసిన్ కూడా వద్దు. నెయ్యిలో ముంచిన వత్తులు చాలు.

లంబసింగిలో, అరకులో టెంట్లు వేసేవాళ్ళకి ఇంకొకటి: మిగిలిన బొగ్గులు కుంపట్లో పెట్టుకుని టెంటులోకి తీసుకెళ్ళకండి. పొగ లేని బొగ్గు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ముగ్గులవీధి:
చాలా థాంక్స్ అండి. టైర్లు వద్దని చెప్పేశాను. ఆర్పడానికి ఇసుక కప్పేసి వెళ్ళిపోతే చాలా?

వరంగల్_గొంగడి:
ఇసుకతో ముగించకండి. కింద నిప్పు మరుసటి రోజు దాకా ఉంటది, పైకి మామూలు మట్టిలా కనిపిస్తది, చెప్పుల్లేని కాలు అందులో పడుతది. చివరి అరగంట కట్టె వేయడం ఆపాలి. తర్వాత దూరం నుంచి మగ్గుతో కొంచెం కొంచెం నీళ్ళు, ఒక్కసారి బకెట్టు గుమ్మరిస్తే వేడి ఆవిరి, బూడిద ముఖాన కొడతాయి. పారతో తిరగేసి మళ్ళీ నీళ్ళు. బుసబుస ఆగాక చేయి వెనుక వైపు నాలుగు వేళ్ళ ఎత్తులో పెట్టి చూడాలి, సెగ తగిలితే మరో విడత. బూడిదలో మేకులుంటే అయస్కాంతంతో ఏరాలి.

చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయాలి. అతుక్కున్న బట్ట లాగకూడదు. ముఖం మీదైనా, అరచేయికి మించినా 108కి ఫోన్ చేయాలి.

కోనసీమ_కట్టె:
ఆర్పే ముందు తేగలు మర్చిపోకండి! మంట తగ్గి నిప్పులు ఎర్రగా, పైన తెల్ల నివురు పట్టినప్పుడు అంచున పరిచి తిప్పుతూ ఉండాలి. పై తొక్క నల్లబడి, గుచ్చితే మెత్తగా దిగితే అయినట్టే. పిడికెడు చిలగడదుంప వేడి బూడిదలో ముప్పావు గంట. పిడకల, ఉత్త కట్టెల నిప్పుల్లోనే కాల్చాలి, రంగు చెక్క ఒక్కటి పడినా ఆ నిప్పుల మీద తిండి పెట్టొద్దు.

విశాఖ_సెగ:
నీళ్ళు నాలుగు బకెట్లు ముందురోజు రాత్రే నింపి ప్లాటులో పెట్టండి, తెల్లవారుజామున నాలుగున్నరకి చాలా కాలనీల్లో కుళాయి రాదు.