27 అడుగుల ఫైబర్ బోటుకు డీజిల్ ఇంజను మేలా, పెట్రోలు ఇంజను మేలా? ఇంధనం లెక్క ఎలా చూడాలి?

ప్రశ్న (ఉప్పాడ నుంచి బోటు యజమాని)

అందరికీ నమస్కారం. మా ఇంటికి ఆధారం ఒక 27 అడుగుల ఫైబర్ బోటు. పదేళ్లుగా దానికి పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజనే నడుపుతున్నాము. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రోజుల్లో ఇంజను విప్పించి చూస్తే లైనరు (పిస్టన్ కదిలే సిలిండరు లోపలి తొడుగు) బాగా అరిగిపోయిందని తేలింది. ఇప్పుడు దానికి డబ్బు పెట్టే బదులు తన దగ్గరున్న 9.9 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డు ఇంజను (బోటు వెనక అంచుకు తగిలించేది) తీసుకోమని మా బావగారు అంటున్నారు. అది గంటకు మూడు లీటర్లకు మించి తాగదని, పైగా బోటు చురుగ్గా పోతుందని ఆయన చెబుతున్నారు. మా డీజిల్ ఇంజను గంటకు రెండు లీటర్ల పైచిలుకు తాగుతుంది. మేము వల వేసే చోటు ఒడ్డుకు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. త్వరగా వెళ్లి వస్తే గంటకు ఎక్కువ తాగినా చివరికి ఖర్చు సమానమవుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (పాలిటెక్నిక్‌లో మెకానికల్ విభాగం అధ్యాపకుడు)

మీరు అడిగిన ప్రశ్నలోనే అసలు కీలకం ఉందండీ. గంటకు ఎన్ని లీటర్లు అన్న లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాము. అంతే దూరం, అంతే బరువుతో పోయి రావడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలి.

ముందు ఇంజన్ల సంగతి చెబుతాను. డీజిల్ లీటరు సుమారు 835 గ్రాములు తూగితే పెట్రోలు 740 గ్రాములే తూగుతుంది కాబట్టి, లీటరు చొప్పున చూసినప్పుడు డీజిల్‌లో పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. దీనికి తోడు డీజిల్ ఇంజను గాలిని 16 నుంచి 20 వంతుల దాకా అదిమితే, పెట్రోలు ఇంజను 8 నుంచి 10 వంతులే అదుముతుంది. అదిమిన కొద్దీ మండిన ఇంధనం నుంచి ఎక్కువ పని వస్తుంది. ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి చిన్న డీజిల్ ఇంజనుకు సుమారు 260 గ్రాములు, ఫోర్ స్ట్రోక్ (పిస్టన్ నాలుగు కదలికలకు ఒకసారి ఇంధనం మండే) పెట్రోలు ఇంజనుకు 320 గ్రాములు, పాత కార్బురేటర్ టూ స్ట్రోక్ (రెండు కదలికలకు ఒకసారి మండే) ఇంజనుకు 460 గ్రాముల వరకు పడుతుందని అనుకోండి. పది హార్స్‌పవర్ అంటే 7.36 కిలోవాట్లు కనుక, నిండు శక్తితో నడిపితే డీజిల్ గంటకు 2.3 లీటర్లు, ఫోర్ స్ట్రోక్ 3.2 లీటర్లు, టూ స్ట్రోక్ 4.6 లీటర్లు తాగుతాయి. టూ స్ట్రోక్‌లో కొత్త పెట్రోలు కొంత మండకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. నీటి మీద రంగురంగుల తెట్టు కనిపించేది అందుకే. కాబట్టి మీ బావగారి ఇంజను ఏ రకమో ముందు కనుక్కోండి. డీజిల్‌కూ ఫోర్ స్ట్రోక్‌కూ ఉన్న తేడా కంటే, ఫోర్ స్ట్రోక్‌కూ టూ స్ట్రోక్‌కూ ఉన్న తేడాయే పెద్దది.

ఇక వేగం మాట. మీది నీటిని చీల్చుకుంటూ పోయే బోటే తప్ప నీటి మీద తేలి జారిపోయేది కాదు. అలాంటి బోటుకు నీటిని తాకే పొడవు 25 అడుగులుంటే, గంటకు 12 కిలోమీటర్లకు కాస్త పైన వేగం గోడలా అడ్డుపడుతుంది. ఆ దగ్గరకు వెళ్లాక ఎంత థ్రాటిల్ ఇచ్చినా బోటు వెనక కెరటం ఎత్తు పెరుగుతుందే గాని దూరం అంతగా కలిసిరాదు. అందువల్ల చురుగ్గా వెళ్లి ఖర్చు సరిచేసుకోవడం మీ బోటుతో కుదరదు. వేగాన్ని పది నుంచి తొమ్మిది కిలోమీటర్లకు తగ్గిస్తే, కావలసిన శక్తి వేగం ఘనంతో మారుతుంది కనుక, ఇంజను కాస్త ఎక్కువ సేపు నడిచినా మొత్తం ప్రయాణానికి ఇంధనం దాదాపు 19 శాతం మిగులుతుంది. మీ 14 కిలోమీటర్లకు అదనంగా పట్టేది పది నిమిషాల లోపే.

సమాధానం 2 (భీమిలి నుంచి బోటు యజమాని)

అధ్యాపకులు చెప్పిన లెక్క సరైనదేనండీ, అయితే మీ బోటు మీద కొలిచిన అంకె ముందు ఏ పుస్తకం అంకె అయినా దిగదుడుపే. నేను కొలిచిన విధానం చెబుతాను. అర లీటరుకొక గీత గీసిన పది లీటర్ల తెల్ల డబ్బా తీసుకుని, ట్యాంకు పైపు విప్పి ఆ డబ్బాలో పెట్టండి. డీజిల్ ఇంజనుకు నాజిల్ (ఇంజనులోకి డీజిల్ చిమ్మే భాగం) నుంచి మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే సన్నటి పైపు ఒకటి ఉంటుంది; దాన్ని కూడా అదే డబ్బాలో పెట్టకపోతే ఆ డీజిల్ ట్యాంకులోకి పోయి, ఇంజను తాగిన దానికంటే ఎక్కువ కనిపిస్తుంది. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. పైపు మార్చాక గాలి చేరుతుంది కాబట్టి, పంపు దగ్గరి స్క్రూ వదులు చేసి బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా వదిలి బిగించండి. ఇంధనం నింపాక ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు వెళ్లి, అదే దారిలో తిరిగి రండి. ఒకవైపే కొలిస్తే నీటి ఉరవడి లెక్కను తారుమారు చేస్తుంది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. మన దగ్గర పెట్రోలు 109 రూపాయల చేరువలో, డీజిల్ 97 చేరువలో ఉన్నాయనుకుంటే, నాలుగు గంటల పరుగుకు డీజిల్ ఖర్చు 900 రూపాయల లోపు, ఫోర్ స్ట్రోక్‌కు 1,400, టూ స్ట్రోక్‌కు నూనె కాకుండానే 2,000 అవుతుంది. పైగా రిజిస్టరు అయిన బోట్లకు డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ 2019 నుంచి ఉంది. మీ రకం బోటుకు నెలకు 300 లీటర్ల వరకు వర్తిస్తుంది. పెట్రోలుకు అది లేదు.

సమాధానం 3 (నిజాంపట్నం నుంచి ఇంజను మెకానిక్)

డీజిల్ వైపే అందరూ మాట్లాడుతున్నారు కనుక పెట్రోలు వైపు కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. కెరటాల్లో ఒడ్డుకు చేర్చి రోజూ ఇంజను విప్పి ఇంటికి మోసుకెళ్లే చోట తేలికైన ఇంజను పెద్ద సౌకర్యం. ఏడాదికి వంద గంటలు కూడా నడపని వారికి డీజిల్ మీద మిగిలే ఇంధనంతో ఇంజను ధరలోని తేడా తీరదు. కానీ మీరు ఏడాదికి 200 రోజులు వేటకు వెళ్లేవారు.

ఇంకొకటి, ఇంజను కంటే ముందు పంకాను (నీటిలో తిరిగి బోటును నెట్టే ప్రొపెల్లరును) చూడండి. వలలు, మంచు, చేపలు నింపుకుని నిదానంగా పోయే బోటుకు నెమ్మదిగా తిరిగే పెద్ద పంకా నప్పుతుంది. అవుట్‌బోర్డుకు ఉండే చిన్న పంకా వేగంగా తిరిగి నీటిని చిలుకుతుందే తప్ప బోటును అంతగా నెట్టదు. పంకా అంచు వంగినా, బోటు అడుగున గుల్లలు పట్టినా ఏ ఇంజనైనా ఎక్కువే తాగుతుంది. నిషేధం రోజుల్లో బోటు ఒడ్డున ఉన్నప్పుడే అడుగు గీకించి, పంకా సరి చేయించడం మంచిది.

ప్రశ్న వేసినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. బావగారి ఇంజను టూ స్ట్రోకే. పెట్రోలులో నూనె కలిపి పోస్తారు. నిషేధం ముగిశాక ఆయన బోటులోనూ, మాలాంటి డీజిల్ ఇంజనే ఉన్న మా తమ్ముడి బోటులోనూ డబ్బా పెట్టి కొలిచాము. రానుపోను 28 కిలోమీటర్లకు ఆయనకు 11 లీటర్ల పైన పట్టింది, తమ్ముడికి ఆరున్నర లీటర్లు పట్టింది. మర్నాడు తమ్ముడు థ్రాటిల్ కాస్త తగ్గించి అదే దారిలో వెళ్లి వస్తే ఐదుంపావుతో సరిపోయింది. గంటకు మూడు లీటర్లన్న మాట బావగారు వల దగ్గర నిదానంగా నడిపినప్పటిదని ఆయనే ఒప్పుకున్నారు. మా పాత ఇంజనుకు లైనరు, పిస్టన్ వేయించడానికి ఇచ్చాము. పంకాను కూడా దానితో పాటే పంపాము.