ఆప్‌సిక్స్ కొన్నాక డీఎక్స్7 ముట్టుకోవాలనిపించడం లేదు. అమ్మేయాలా?

గోదావరి_కీస్: నా దగ్గర యమహా డీఎక్స్7 ఉంది. 1983లో వచ్చిన మోడల్. సెకండ్‌హ్యాండ్‌లో కొని తొమ్మిదేళ్లయింది. పోయిన దసరాకి కోర్గ్ ఆప్‌సిక్స్ తెచ్చుకున్నాను. రెండూ ఎఫ్ఎం సింథులే, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి శబ్దం పుట్టించే కీబోర్డులు. ఆ తరంగాలు పుట్టించే ఆపరేటర్లు రెండింట్లోనూ ఆరే. కానీ ఆప్‌సిక్స్‌లో ఒక్కో ఆపరేటర్‌కి ఒక స్లైడరు, ఒక నాబు పైనే ఉన్నాయి. మాడ్యులేటర్ (ఇంకోదాన్ని కదిలించే ఆపరేటర్) స్లైడరు పైకి తోస్తే శబ్దం గంటలా పదునెక్కుతుంది, దించితే వేణువులా మెత్తబడుతుంది. చేతికే తెలిసిపోతోంది. తొమ్మిదేళ్లు తంటాలు పడినా ఎక్కనిది రెండు రాత్రుల్లో ఎక్కింది. అప్పటినుంచి పాతదాన్ని చూస్తే కోపమొస్తోంది. రెండు వరుసల స్క్రీను, ఉన్న విలువలన్నిటికీ ఒకటే డేటా స్లైడరు, నొక్కామో లేదో తెలియని రేకు బటన్లు. గుడ్డ కప్పి మంచం కింద పెట్టేశాను.

పాత_ఆర్కెస్ట్రా: తమ్ముడూ, ఆప్‌సిక్స్‌కి కీలెన్ని? 37. డీఎక్స్7కి 61. అందులో కీ నొక్కి పట్టుకుని ఇంకాస్త బరువు పెడితే ఆఫ్టర్‌టచ్ పలుకుతుంది. నాదస్వరం బిట్టు వచ్చినప్పుడు ఎడమచేత్తో స్వరాన్ని వంచే బెండ్ వీలు తిప్పుతూ, కుడిచేతి వేలి బరువుతోనే కంపితం తెచ్చేవాణ్ణి. పెళ్లి ఊరేగింపులో నాలుగు గంటలు అలాగే వాయించాను. ముందు ఇది 37 కీల మీద చేసి చూపించు, తర్వాత అమ్మకం సంగతి మాట్లాడదాం.

సన్నాయి_బాస్: అమ్మకు. అమ్మినవాళ్లెవరూ సంతోషంగా ఉన్నట్టు నేను చూడలేదు.

గోదావరి_కీస్: నేను కీల గురించి అడగలేదండీ. డీఎక్స్7 కీలు బాగుంటాయని నేనూ ఒప్పుకుంటాను. సౌండ్ తయారు చేయడం గురించి రాశాను.

పాత_ఆర్కెస్ట్రా: కీలు లేకుండా సౌండ్ ఎక్కడి నుంచి వస్తుంది? వేలికి తగ్గట్టు పలకకపోతే అది సౌండ్ కాదు, రికార్డు.

మూసీ_మాడ్యులర్: నాకు దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. ఆప్‌సిక్స్ వచ్చాకే డీఎక్స్7 మీద ప్రేమ పెరిగింది. డీఎక్స్7లో అందరికీ తెలిసిన ఈ.పియానో 1 (ఎలక్ట్రిక్ పియానో) సౌండ్ తీసుకోండి. 5వ అల్గారిథమ్ (ఆపరేటర్లను ఒకదానికొకటి కలిపే పద్ధతి), అంటే ఆరు ఆపరేటర్లు మూడు జతలు. ప్రతి జతలో ఒకటి మనకు వినిపించేది, ఇంకొకటి దాన్ని కదిలించేది. డీఎక్స్7 సౌండ్లను ఆప్‌సిక్స్‌లోకి ఎక్కించుకోవచ్చు కదా. ఎక్కించి, ఒక్కో స్లైడరు దించుతూ విన్నాను. ఇదిగో ఇది సుత్తి తగిలిన టింగుమనే చప్పుడు, ఇది అసలు ఒళ్లు అని విడివిడిగా తెలిసింది. మళ్లీ డీఎక్స్7 దగ్గర కూర్చుంటే ఆ మెనూలు భయపెట్టలేదు. ఎక్కడికి వెళ్తున్నానో తెలుసు మరి.

ఎఫ్ఎం_రాత్రి: ఎక్కించినా ఒకేలా ఉండదు. డీఎక్స్7లో అంకెల్ని శబ్దంగా మార్చేది 12-బిట్ కన్వర్టర్. నోటు సన్నగిల్లేటప్పుడు అడుగున సన్నటి బుస వినిపిస్తుంది. కొత్తవాటిలో అది లేదు.

గోదావరి_కీస్: ఆ బుస కోసం 14 కిలోల పెట్టె మోయాలా?

ఎఫ్ఎం_రాత్రి: మోయాలి. పల్లవి చివర ఒక్క నోటు వదిలేసి వినండి.

మూసీ_మాడ్యులర్: డ్రమ్స్, బేస్ మధ్యలో ఆ బుస ఎవరికి వినిపిస్తుంది?

ఎఫ్ఎం_రాత్రి: నాకు.

గోదావరి_కీస్: నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్ల కిందట జాతర స్టేజీ మీద స్విచ్ వేస్తే నా సౌండ్లు ఒక్కటీ లేవు, అన్నీ పిచ్చి కూతలు. సౌండ్లు చెరిగిపోకుండా కాపాడే లోపలి బ్యాటరీ అయిపోయింది. అదేమో బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. రిపేరుకి ఇస్తే మూడు నెలలు తిప్పి, ఒక కీ విరగ్గొట్టి ఇచ్చారు. ఆ రాత్రి పక్క ట్రూపువాళ్ల చిన్న కీబోర్డు అడుక్కుని వాయించాను.

పాత_ఆర్కెస్ట్రా: బ్యాటరీ చూసుకోకపోవడం నీ తప్పు, పెట్టె తప్పు కాదు. మీకన్నీ పైనే కనబడాలి, చేతికే అందాలి. ఒక్కో ఆపరేటర్‌కి శబ్దం ఎంత వేగంగా మారాలో చెప్పే నాలుగు రేట్లు, ఎంతవరకు మారాలో చెప్పే నాలుగు లెవెళ్లు. ఆరు ఆపరేటర్లకి 48 అంకెలు. ఆ చిన్న స్క్రీను మీద ఒక్కొక్కటే మార్చుకుంటూ, కాగితం మీద రాసుకుంటూ చేశాం మేం. స్లైడరు తోస్తే వచ్చేదాన్ని విద్య అనరు.

గోదావరి_కీస్: మరి మీరు నేర్పారా అన్నగారూ? మా ఊరికి వచ్చిన ప్రతి ట్రూపులో కీబోర్డు వాయించేవాళ్లు స్క్రీను మీద ఇన్సులేషన్ టేపు అతికించేవాళ్లు. ఏ నంబరు సౌండో మాకు కనబడకూడదని. ప్రోగ్రాం అయ్యాక సౌండ్లు దాచుకునే కార్ట్రిడ్జ్ పీకి జేబులో పెట్టుకునేవాళ్లు. పదహారేళ్లప్పుడు ఒకాయనకి టీ తెచ్చిపెట్టి, స్టాండు మోసి, ఒక్క సౌండ్ చూపించమని అడిగాను. లైటు ఆర్పేసి వెళ్లిపోయారు. నాకు ఎఫ్ఎం ఎక్కకపోవడానికి కారణం నా బుర్ర కాదని పోయిన దసరాకి తెలిసింది.

సన్నాయి_బాస్: టేపు సంగతి నిజమే. నేనూ చూశాను.

పాత_ఆర్కెస్ట్రా: అవును, నేనూ అతికించాను. ఎందుకో కూడా చెప్తాను. మూడేళ్లు కూర్చుని 32 సౌండ్లు చేసుకున్నాను. వీణ, నాదస్వరం, తీగ తెగినట్టుండే ఒక గిటారు. ట్రూపులో ఒక కుర్రాడు అడిగితే కాపీ చేసి ఇచ్చాను. తర్వాతి సీజన్‌కి నాకిచ్చే డబ్బులో సగానికి వాడు ఒప్పుకున్నాడు. సౌండ్లు ఎలాగూ వాడి దగ్గరున్నాయి కదా, ఇక నేనెందుకు? ట్రూపువాళ్లు నాకు కబురు కూడా పెట్టలేదు. ఆ శ్రీరామనవమికి ఇంట్లో కూర్చుని మైకులో నా నాదస్వరం నేనే విన్నాను. ఆ తర్వాత టేపు కొన్నాను.

మూసీ_మాడ్యులర్: ఇన్ని పోస్టులు కీలు, బుస అంటూ కొట్టుకున్నారు. మీ ఇద్దరి గొడవ ఇదన్నమాట.

గోదావరి_కీస్: మీకు జరిగింది అన్యాయమే అన్నగారూ, నాకు తెలియదు. కానీ ఆ కుర్రాడు చేసినదానికి మా బ్యాచ్ అంతా చీకట్లో ఉండిపోయాం. కొత్త పెట్టె మీద నాకున్న ఇష్టంలో సగం అది దేన్నీ దాచదనే. ఇక డీఎక్స్7 అంటారా, ఇప్పటికి అమ్మను. మంచం కింది నుంచి తీస్తానని కూడా మాటివ్వలేను.

ఎఫ్ఎం_రాత్రి: అన్నగారూ, ఆ 32 సౌండ్లు ఇప్పుడెక్కడున్నాయి?

పాత_ఆర్కెస్ట్రా: ర్యామ్ కార్ట్రిడ్జ్‌లో. బీరువాలో ఉంది.

ఎఫ్ఎం_రాత్రి: దాని లోపలా బ్యాటరీయే ఉంటుంది. అది పోతే మీ నాదస్వరం కూడా పోతుంది. ఈ వారమే మిడి కేబుల్ (కీబోర్డుని కంప్యూటర్‌కి కలిపేది) పెట్టి కంప్యూటర్‌లోకి డంప్ తీయండి, అంటే సౌండ్లన్నీ ఒకేసారి కాపీ చేసుకోండి. 32 సౌండ్లూ కలిపి 4,096 బైట్లు, క్షణాల్లో అయిపోతుంది.

పాత_ఆర్కెస్ట్రా: డంప్ తీయడం నాకు వచ్చు బాబూ. కేబుల్ కూడా ఉంది. తీశాక ఆ ఫైలు ఎవరి చేతిలో పెట్టాలన్నదే ముప్పై ఏళ్లుగా తేలలేదు.