స్లీవ్ ఆపరేషన్ తర్వాత నిదానంగా తినడం మీకెలా అలవాటైంది?

బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ నాకు అయి నాలుగు నెలలు. 112 కిలోల నుంచి 89కి వచ్చాను. బరువు గురించి బెంగ లేదు, తినే తీరే దారికి రావడం లేదు.

డైటీషియన్ చెప్పినవన్నీ కంఠతా వచ్చు. ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, ముందు గుడ్డో పనీరో, అన్నం ఆఖరున. కానీ ఇరవై ఏళ్లు ఆఫీసు బస్సు కోసం ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ చేసినవాణ్ణి! టీవీ ఆపేసి, చిన్న ప్లేటు పెట్టుకుని కూర్చుంటాను. నాలుగు ముద్దల వరకు బాగానే ఉంటుంది. ఐదోది ఎప్పుడు మింగానో గుర్తుండదు. మొన్న ఆవకాయ అన్నం రెండు ముద్దలు గబగబా మింగితే ఛాతీలో బండ పెట్టినట్టయింది, నోట్లో నీళ్లూరి చివరికి కక్కేశాను. సర్జన్ గారు చూసి లోపల ఇబ్బందేమీ లేదు, వేగమే కారణమన్నారు. (ఆవకాయ ముందు ఏ నియమం నిలుస్తుంది చెప్పండి.)

చెంచాతో తింటే కాస్త నిదానం వస్తుంది కానీ, చేత్తో కలుపుకోకపోతే నాకు తిన్నట్టే ఉండదు. చేత్తో తింటూనే వేగం తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా? ఇంకొకటి, ఇక చాలని మీకు ఎలా తెలుస్తుంది? కొందరికి ముక్కు కారుతుందట, కొందరికి ఎక్కిళ్లట. నాకు తెలిసేసరికే ఒక ముద్ద ఎక్కువైపోతోంది.

వచ్చే నెల మేనకోడలి పెళ్లి. విస్తరి ముందు "ఇంకాస్త వేసుకో బాబాయ్" అనేవాళ్లకు ఏం చెప్పాలో కూడా చెప్పండి.