అప్‌డేట్: స్టెన్సిల్ కింద రంగు పాకుతోందని అడిగాను కదా, వాల్ హ్యాంగింగ్ అయిపోయింది

మొన్న అడిగింది నేనే, కాన్వాస్ గుడ్డ మీద స్టెన్సిల్ (డిజైన్ ఆకారంలో కత్తిరించిన షీట్) పెట్టి పెయింట్ వేస్తే అంచులు అలుక్కుపోతున్నాయి, ఇంకుతో అద్దే డిజైన్ స్టాంపులు మచ్చలు మచ్చలుగా పడుతున్నాయి అని. తప్పంతా నాదేనండి, యాక్రిలిక్ రంగులో నీళ్లు కలిపేస్తున్నా! ఈసారి ముందు గెస్సో (రంగు వేసే ముందు గుడ్డకి పూసే తెల్లటి ప్రైమర్) 2 పూతలు వేసి బాగా ఆరనిచ్చి, స్టెన్సిల్‌ని మాస్కింగ్ టేప్‌తో అంటించి, స్పాంజికి చిక్కటి రంగు అద్ది దాన్ని పాత పేపర్ మీద తుడిచేసి, ఇక అందులో రంగేం లేదు అనిపించాక పై నుంచి నిలువుగా అద్దుకుంటూ పోయా, రుద్దలేదు. అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి.

టెక్స్చర్ పేస్ట్ (ఆరాక డిజైన్ ఉబ్బెత్తుగా ఉండేలా చేసే చిక్కటి పేస్ట్) కూడా స్టెన్సిల్ లోంచే వేశా, అది ఆరకముందే స్టెన్సిల్ కడిగేయాలి, లేకపోతే ఇక వదలదు (ఒకటి పోయింది, ఏం చేస్తాం).

స్టాంపుల సంగతికొస్తే, కింద మెత్తగా ఉంటే చాలా తేడా, పలచటి ఫోమ్ షీట్ పరిచాక డిజైన్ మొత్తం సమానంగా పడింది. కానీ నీళ్లకి కరిగే ఇంకు వాడి, దాని పైన మ్యాట్ మీడియం (మెరుపు లేని పారదర్శక యాక్రిలిక్ పూత) బ్రష్‌తో వేశా, స్టాంపుతో వేసిన ఒక ఆకు మొత్తం చెదిరిపోయింది, దాని మీద లేసు ముక్క అంటించేశా. చూసినవాళ్లంతా ఆ లేసే బాగుందంటున్నారు!

పైన చెక్క కర్ర పెట్టి వేలాడదీశా. కింద అంచు కొంచెం ముడుచుకుంటోంది, వెనక బరువుకి ఏం కుట్టాలో ఇంకా ఆలోచిస్తున్నా.