పూసలు గుచ్చడం, నీళ్లు పొయ్యడం: మూడున్నరేళ్ల పిల్లకి ఇది చదువేనా?

చిన్నిఅమ్మ:
మా పాపకి మూడున్నరేళ్లు. ఆరు నెలలుగా ప్రీస్కూలుకి వెళ్తోంది. అక్కడ రోజంతా ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి నీళ్లు పోయిస్తారు, బొత్తాలు పెట్టిస్తారు, పూసలు గుచ్చిస్తారు, మట్టి పిసికిస్తారు. పుస్తకం లేదు, పలక లేదు. పక్కింటి పిల్లదీ ఇదే వయసు. వేరే బడి. అప్పుడే యాభై వరకూ అంకెలు రాసేస్తోంది. దాంతో మా ఇంట్లో రోజూ గొడవే. "నీళ్లు పొయ్యడానికి ఫీజెందుకు, బాత్రూంలో పోసుకోదూ" అంటారు మావారు. బడి మార్చాలా వద్దా? పిల్లల్ని ఇలాంటి చోట చదివించినవాళ్లు చెప్పండి.

నిద్రలేనినాన్న:
మావాడు ఆ యాక్టివిటీ ఇంట్లోనే చేస్తాడు. సోఫా మీద.

పాతపలక:
మార్చెయ్యండి. మా పెద్దాడిని ఇలాంటి బడిలోనే రెండేళ్లు ఉంచాం. ఎప్పుడడిగినా "వాడు సంతోషంగా ఉన్నాడండీ" అనేవారు. నిజంగానే సంతోషంగా ఉండేవాడు. ఒకటో తరగతికి వేరే బడిలో చేర్చాక తెలిసింది అసలు కథ. బోర్డు మీదున్న లైను వాడు ఎక్కించుకునేలోగా టీచరు తుడిచేసేది. నెల తిరక్కుండా చివరి బెంచీకి మార్చారు. రోజూ సాయంత్రం వాడి ఏడుపు, మా అరుపులు. రెండోదాన్ని మూడేళ్లకే రాతలో పెట్టించాను, ఏ బాధా లేదు. నీళ్లు పొయ్యడం అందరికీ వచ్చేదే, దానికి బడి అక్కర్లేదు.

మట్టిచేతులు:
మార్చొద్దమ్మా చిన్నీ. పదకొండేళ్లుగా ఈ వయసు పిల్లలతోనే నా పని, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

జగ్గు వంచి నీళ్లు పొయ్యాలంటే పిల్ల ఏమేం చెయ్యాలో ఒకసారి గమనించండి. ఒక చేత్తో పిడి పట్టుకోవాలి, రెండో చేత్తో అడుగున ఆనించాలి. మణికట్టు మెల్లగా తిప్పాలి. అవతలి జగ్గులో నీళ్లు ఎంతవరకూ వచ్చాయో చూస్తూ ఉండాలి, నిండకముందే ఆగాలి. ఆ ఆగడమే కష్టం. మొదటి వారం ఒక్కరూ ఆగరు. పూస పట్టుకునే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలే రేపు పెన్సిల్ పట్టుకోవాలి. మూడేళ్ల పిల్లకి పెన్సిలిస్తే పిడికిలితో పట్టుకుంటుంది, లేదా వేళ్లన్నీ బిగించేస్తుంది. మూడు వేళ్ల పట్టు కుదిరేది మామూలుగా 4 నుంచి 6 ఏళ్ల మధ్యలో.

ఇదేమీ నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ 1907 లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి బడి పెట్టింది. బొత్తాలు పెట్టే చట్రాలు, నీళ్లు పొయ్యడం, 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా పది గులాబీ రంగు ఘనాలతో పేర్చే గోపురం, ఇవన్నీ ఆ పద్ధతిలోవే.

ఇక పక్కింటి పిల్ల సంగతి. యాభై వరకూ రాస్తుందన్నారు కదా, "మూడు పూసలు ఇవ్వు" అని అడిగి చూడండి. గుప్పెడు తీసి ఇస్తే రాతకీ లెక్కకీ సంబంధం లేదన్నమాట. కేరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990 లో ఇలాంటి పరీక్షే చేసింది. ఒకటీ రెండూ మూడూ అని వరసగా చెప్పగలిగే చిన్న పిల్లలే, ఇన్ని ఇవ్వమంటే చేతికి అందినన్ని తీసిచ్చారు.

గోరువెచ్చన:
అయితే మా ఆఫీసులో సగం మందికి అందలేదు ఆ లెక్క.

పాతపలక:
పదకొండేళ్ల అనుభవం అన్నారు, సంతోషం. ఒక్కదానికి సూటిగా చెప్పండి. నీళ్లు ఎన్ని రోజులు పొయ్యాలి? నెలా? ఏడాదా? ఒలకకుండా పొయ్యడం వచ్చాక కూడా పోస్తూనే ఉండాలా? మావాడు నాలుగేళ్ల మూడు నెలల దాకా పోశాడు. ఫొటోలున్నాయి.

మట్టిచేతులు:
పిల్లకి విసుగొచ్చేదాకా. కొందరికి వారం, కొందరికి మూడు నెలలు. పెద్ద జగ్గు వచ్చాక చిన్న గ్లాసులు, తర్వాత గరాటు, తర్వాత డ్రాపరు. మీరు ఒక్క నీళ్ల దగ్గరే ఆగిపోయారు.

పాతపలక:
ఆగింది నేను కాదు, మావాణ్ణి ఆపింది ఆ బడి.

కొలతబద్ద:
పూసల సైజు ఎవరూ అడగలేదేం? మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి అమెరికాలో ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో వస్తువు పూర్తిగా పట్టేస్తే అది ఆ వయసు వాళ్లకి పనికిరాదు, గొంతులో అడ్డం పడుతుంది. మూడేళ్లు నిండగానే ప్రమాదం పోతుందని కాదు. వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకి నాలుగేళ్లకైనా ఇదే చూడాలి. ఇంకో రెండు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు అస్సలు వద్దు, మింగితే పేగులో ఉబ్బుతాయి. మాట్లాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు మరీ ఘోరం, అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తాయి. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ కొనకండి.

చిన్నిఅమ్మ:
థాంక్సండీ, పూసలు కొలిచాను. మా పాప బడివి పెద్దవే.

బొత్తాం:
నా బాధ వేరు. మా బడి పిల్లలతో చేయించదు, మాతో చేయిస్తుంది. "రేపు ఇంటి నుంచి సెన్సరీ బాటిల్ చేసి పంపండి" అని రాత్రి ఎనిమిదింటికి మెసేజ్. పదకొండు దాకా సీసాలో రంగునీళ్లు, తళుకులు, జిగురు వేసుకుంటూ కూర్చున్నది నేను. పొద్దున ఫొటోలో పిల్ల పేరు, గ్రూపులో చప్పట్లు. పిల్ల చేసిందల్లా మూత తీసి ఒంపడం. ఒకసారి పంపలేదు. "ఇంట్లో మీరు టైం ఇవ్వరా" అని అడిగింది టీచరు, పిల్ల ముందే. నేను ఉద్యోగం చేస్తాను. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి యాక్టివిటీ?

నిద్రలేనినాన్న:
జిగురు ఎండేలోగా తెల్లారిపోతుంది. నాకూ తెలుసా బాధ.

మట్టిచేతులు:
అది తప్పే, బొత్తాం గారూ. పెద్దవాళ్లు చేసి పంపించేది యాక్టివిటీ కాదు, అలంకారం.

పాతపలక:
రాత్రి కూర్చుని మీ మాంటిస్సోరి గురించి చదివాను. మీరు సగమే చెప్పారు. ఆవిడ బడిలో గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు ఉండేవి. పిల్లలు వాటి మీద వేలు పెట్టి దిద్దేవాళ్లు. నాలుగేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టారని ఆవిడే గొప్పగా చెప్పుకుంది. ఆవిడ రాయనిచ్చింది! మీరేమో ఆరేళ్ల దాకా పెన్సిల్ ముట్టుకోనివ్వరు.

మట్టిచేతులు:
ఆరేళ్ల దాకా ముట్టుకోవద్దని నేనెక్కడ రాశాను? పట్టు కుదిరే వయసు చెప్పాను. పైగా గరుకు అక్షరాలు వేలితో దిద్దడం చేతి పనే. అంతకుముందు నెలల తరబడి ఆ వేళ్లు వేరే పనులు చేశాయి. అందుకే నాలుగేళ్లకి రాత దానంతటదే వచ్చింది. మీరు వాదనలో నా పక్షానికి వచ్చేశారు, చూసుకోలేదు.

ఋజువు కావాలంటే, 2006 లో యాంజెలిన్ లిలార్డ్ చేసిన పరిశీలన ఉంది, 'సైన్స్' పత్రికలో వచ్చింది. అమెరికాలోని మిల్వాకీలో మాంటిస్సోరి బడికి లాటరీ వేశారు. సీటు వచ్చిన పిల్లల్నీ, రానివాళ్లనీ పోల్చారు. ఐదేళ్ల వయసులో అక్షరాలు గుర్తుపట్టడంలో, లెక్కల్లో సీటు వచ్చినవాళ్లే ముందున్నారు.

కొలతబద్ద:
లాటరీ కాబట్టి పోలిక న్యాయమైనదే. కానీ అది ఒక్క బడి. మీ బడి ఆ బడి కాదు.

పాతపలక:
ఋజువులు వాళ్లకి, చివరి బెంచీ మావాడికి.

మట్టిచేతులు:
పాతపలక గారూ, మీకు కోపం వస్తే రానీండి. మీవాడికి వెనకబాటు రాలేదు, మీరు కంగారు పడ్డారు. ఇంకో ఆరు నెలలు ఓపిక పడితే వాడే అందుకునేవాడు. మీలాంటి తండ్రుల తొందర వల్లే నా క్లాసులో మూడేళ్ల పిల్లలు పెన్సిల్ చూస్తే చేతులు వెనక్కి దాచుకుంటారు.

పాతపలక:
నా కొడుకుని చూశారా మీరు? ఒక్కసారైనా చూశారా? "ఓపిక పట్టండి" అని ఆ బడివాళ్లూ రెండేళ్లు చెప్పారు. పట్టాం. ఆ ఓపిక ఖరీదు వాళ్లు కట్టారా? ఆరేళ్లవాడు "నాకు బుర్ర లేదు నాన్నా" అన్నాడు. ఆ మాట విన్నది నేను. మీరు కాదు.

గోరువెచ్చన:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. ఒలకకుండా.

బొత్తాం:
గోరువెచ్చన గారూ, ఇది జోకు వేసే చోటు కాదు.

చిన్నిఅమ్మ:
నేను అడిగింది మా పాప గురించి. ఇంకోమాట, మట్టిచేతులు గారూ, నన్ను "అమ్మా చిన్నీ" అనకండి. బడిలో కూడా అలాగే అంటారు, నేను ఏది అడిగినా. నాకు ముప్పై నాలుగేళ్లు.

మట్టిచేతులు:
సారీ అండీ. అలవాటులో వచ్చేసింది.

కొలతబద్ద:
ఒక సంగతి గుర్తొచ్చింది. 1987 లో జూడీ డెలోచ్ అనే పరిశోధకురాలు ఒక గదికి చిన్న నమూనా చేయించింది. నమూనాలో ఒక చోట చిన్న బొమ్మ దాస్తూ పిల్లలకి చూపించారు. అసలు గదిలో కూడా సరిగ్గా అక్కడే పెద్ద బొమ్మ ఉంటుందని చెప్పారు. మూడేళ్లవాళ్లు చాలావరకు వెళ్లి తెచ్చేశారు. రెండున్నరేళ్లవాళ్లలో ఎక్కువమందికి దొరకలేదు. చిన్న బొమ్మ ఎక్కడ పెట్టారో వాళ్లకి గుర్తుంది, కానీ ఈ గది ఆ గదికి గుర్తు అనేది అందలేదు.

ఇక్కడికి ఎందుకు తెచ్చానంటే, చేతిలో పూస ఉన్నంత మాత్రాన తలలోకి అంకె రాదు. పిల్లకి అది పూసే. ఐదు పూసలకీ '5' అనే గీతకీ మధ్య ముడి ఎవరో ఒకరు వెయ్యాలి. వేశారో లేదో చూడాలి. మీ ఇద్దరి గొడవలో ఆ పని ఎవరిదో ఎవరూ చెప్పడం లేదు.

పాతపలక:
అదీ. రెండు రోజులుగా నాకు నోటికి రానిది అదే. మావాడు నీళ్లు పోశాడని కాదు నా బాధ, పొయ్యనీండి. వాడికి ఏది వచ్చిందో ఏది రాలేదో ఆ బడిలో ఒక్కరూ చెప్పలేదు. సంతోషంగా ఉన్నాడనే చెప్పారు. వాడికి అక్షరాలు ఎక్కడం లేదని నాలుగున్నరేళ్లకే చెప్పి ఉంటే నేను ఇంట్లో కూర్చోబెట్టుకునేవాణ్ణి. గరుకు కాగితం నేనే కత్తిరించేవాణ్ణి.

(కొంతసేపు ఎవరూ రాయలేదు.)

మట్టిచేతులు:
దీనికి జవాబు రాసి రెండుసార్లు చెరిపేశాను.

నా క్లాసులో 22 మంది. నేనూ, ఒక ఆయమ్మా. ఎవరు ఏ జగ్గు పట్టారు, ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరికి మూడు అంటే మూడని తెలిసింది అని పిల్లవారీగా రాసుకోవాలని ట్రైనింగులో నేర్పారు. మొదటి రెండేళ్లు రాశాను. ఇప్పుడు రాయడం లేదు. ఒకడు బాత్రూం అంటాడు, ఒకత్తి పూస ముక్కులో పెట్టుకుంటుంది, ఇద్దరు కొట్టుకుంటారు. సాయంత్రం తల్లిదండ్రులు అడిగితే "బాగా చేస్తోందండీ" అంటాను. అబద్ధం కాదు, కానీ దాంట్లో ఏమీ ఉండదు. మీరు రాసింది చదివాక మొన్న చెప్పిన "బాగా చేస్తోందండీ"లు గుర్తొచ్చాయి. ఒక బాబు విషయంలో నాకు నిజంగా తెలియదు.

అయినా మూడేళ్లకి రాత పుస్తకం తప్పనే అంటాను. ఆ మాట వెనక్కి తీసుకోను.

పాతపలక:
తీసుకోకండి. నేనూ తీసుకోను. మా రెండోది మూడేళ్లకే రాసింది, ఏమీ కాలేదు.

మట్టిచేతులు:
మీ పెద్దబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు?

పాతపలక:
నాలుగో తరగతి. రాత కోడికాళ్లే. లెక్కలు మాత్రం నోటితోనే చేసేస్తాడు, ఎక్కడ నేర్చాడో తెలీదు. నీళ్ల పుణ్యం అని మాత్రం అనకండి.

నిద్రలేనినాన్న:
అననీండి సార్, ఒక్కసారి.

బొత్తాం:
చిన్నిఅమ్మ గారూ, బడికి వెళ్లి "పాప బాగుందా" అని అడక్కండి. "ఈ నెల కొత్తగా ఏం పట్టుకుంది, ఎక్కడ ఆగింది" అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఉంచండి. నేనైతే రేపు మా బడిలో సీసాలు ఇక చెయ్యనని చెప్పబోతున్నాను. టెన్షన్‌గానే ఉంది.

చిన్నిఅమ్మ:
సోమవారం అడుగుతాను. ఈలోగా పక్కింటి పాపని ఆడుకోవడానికి పిలిచి మూడు పూసలు ఇవ్వమన్నాను. మూడే ఇచ్చింది! మా పాపని అడిగితే డబ్బా మొత్తం నా ఒళ్లో బోర్లించింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ ఏరి, ఒక్కటి కూడా కింద పడకుండా మళ్లీ డబ్బాలో వేసింది. మావారు పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు, ఇప్పుడు ఇద్దరూ కూర్చుని రెండు పూసలు ఏవో వెతుకుతున్నారు.

కొలతబద్ద:
ఆ రెండూ దొరికేదాకా ముక్కు కూడా చూడండి.