రాత్రి రెండున్నరకు దురద, దడ, మెలకువ: ఇది హిస్టమిన్ వల్లనేనా, మందులు లేకుండా తగ్గే దారి ఉందా?

ప్రశ్న: తీరవాసి, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నా వయసు 42 సంవత్సరాలు. పడుకోగానే నిద్ర పడుతుంది కాని, దాదాపు ఐదు నెలలుగా రాత్రి రెండున్నర ప్రాంతంలో ఖాయంగా మెలకువ వస్తోంది. లేచేసరికి ముక్కు దిబ్బడ వేసి ఉంటుంది, నడుము దగ్గరా మోచేతుల మీదా దురద మొదలవుతుంది, గుండె కాస్త దడదడలాడుతుంది. మొన్న లైటు వేసి చూసుకుంటే, ముంజేతి మీద గోటితో గీరిన చోటల్లా ముందు తెల్లగా, రెండు నిమిషాలకు ఎర్రగా ఉబ్బిన గీతలు తేలాయి. అరగంటకు వాటి జాడ లేదు. మళ్లీ నిద్ర పట్టేసరికి నాలుగు దాటుతుంది, పట్టినా పీడకలలతో కలత నిద్రే.

తుమ్ములకని వైద్యులు రాసిన మాంటెలుకాస్ట్, లీవోసెట్రిజిన్ కలిసిన మాత్రను ఐదారు నెలలుగా రాత్రిపూట వేసుకుంటున్నాను. దురద మరీ ఎక్కువైన రోజున ఇంట్లో ఉన్న ఏవిల్ మాత్ర ఒకటి అదనంగా వేసుకుంటాను. మత్తుగా ఉంటుంది కాని కాళ్లు ఒకచోట నిలవవు, వాటిని కదుపుతూనే ఉండాలనిపిస్తుంది.

ఒంట్లో హిస్టమిన్ (అలెర్జీలో దురద, దిబ్బడ పుట్టించే రసాయనం) పేరుకుంటే ఇలా జరుగుతుందని, చేపలు, పెరుగు, పులిసిన పిండి, వంకాయ, టమాట, పాలకూర మానేసి, డిఏఓ (హిస్టమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) క్యాప్సూళ్లు, క్వెర్సెటిన్ అనే మొక్కల పదార్థం, విటమిన్ సి వాడాలని చదివాను. మా ఇంట్లో వారానికి మూడు రోజులు చేప ఉంటుంది, పెరుగు లేనిదే భోజనం ముగియదు. ఇవన్నీ మానితే విస్తట్లో ఇంకేం మిగులుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: ఫార్మకాలజీ బోధకుడు, విజయవాడ

తీరవాసి గారూ, ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. హిస్టమిన్ అనేది ఒకటే పదార్థమైనా మన ఒంట్లో దానికి రెండు కాపురాలున్నాయి. మెదడులో హైపోథలమస్ వెనుక భాగాన ఉన్న ఒక చిన్న నాడీకణాల గుంపు పగలంతా హిస్టమిన్ విడుదల చేస్తూ మనల్ని మేలుకొని ఉంచుతుంది, నిద్రలోకి జారుకున్నాక మౌనం వహిస్తుంది. పాతకాలపు అలెర్జీ మాత్రలకు మత్తు వచ్చేది అవి మెదడులోకి చొరబడి ఆ సంకేతాన్ని అడ్డుకోవడం వల్లనే. దీనికి విరుద్ధంగా, పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ రోగులకు మెదడులో హిస్టమిన్ పెంచే పిటోలిసాంట్ అనే మందును అమెరికా 2019లో ఆమోదించింది.

చర్మంలోనూ ముక్కులోనూ పేగుల్లోనూ అలెర్జీని రేపే మాస్ట్ కణాలు విడుదల చేసే హిస్టమిన్ సంగతి వేరు. రక్తంలోని హిస్టమిన్ మెదడులోకి సులభంగా దాటలేదు. అందువల్ల రాత్రి తిన్న చేపలోని హిస్టమిన్ నేరుగా మెదడుకెక్కి మిమ్మల్ని లేపుతోందన్న వాదన నిలవదు. అది దురద, దిబ్బడ, దడ పుట్టించి, వాటి ద్వారా నిద్ర చెడగొట్టగలదు, అంతే. అర్ధరాత్రి వేళ ఒంట్లో అలెర్జీని అణచే కార్టిసాల్ హార్మోన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది, పక్క వెచ్చదనానికి చర్మం వేడెక్కుతుంది కనుక దద్దుర్ల దురద సహజంగానే ఆ సమయానికి ముదురుతుంది. మీరు చెప్పిన ఉబ్బిన గీతలు చర్మగీతల దద్దుర్ల లక్షణంలా ఉన్నాయి. చర్మవైద్యులు గదిలో కూర్చోబెట్టి ఒక్క గీత గీసి తేల్చగలరు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పీడకలలు. మాంటెలుకాస్ట్ హిస్టమిన్‌ను అడ్డుకొనే మందు కాదు, ల్యూకోట్రైన్లు అనే వేరే పదార్థాలను అడ్డుకొంటుంది. పీడకలలు, నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక ప్రభావాలు దానివల్ల కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో అత్యంత తీవ్రమైన పెట్టె హెచ్చరికను జోడించింది. మన దగ్గర జలుబు చేసినా, తుమ్ము వచ్చినా ఈ జంట మాత్ర చేతిలో పడుతోంది, ఈ హెచ్చరిక మాత్రం రోగి చెవిన పడటం లేదు. మీ మెలకువలూ ఈ మాత్రా ఇంచుమించు ఒకే కాలంలో మొదలయ్యాయి కదా, ఆ తేదీలు కాగితం మీద రాసుకొని వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఉబ్బసం ఉంటే మాత్రం వారిని అడగకుండా ఆపవద్దు.

కాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఫెనిరమిన్ (మీ ఏవిల్‌లో ఉన్న మందు), డైఫెన్‌హైడ్రమిన్ వంటి మత్తు కలిగించే అలెర్జీ మందులు కాళ్లు కుదురుగా ఉండని వ్యాధిని మరింత రేపుతాయి. ఇనుము నిల్వలు తక్కువైనవారిలో ఇది ఎక్కువ కనుక ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది. నిద్ర కోసం ఏవిల్ వేసుకోవడమనే అలవాటు మన ఇళ్లలో పాతుకుపోయింది కాని, రోజూ వేసుకుంటే నాలుగైదు రోజుల్లోనే మత్తు తగ్గిపోతుంది, నోరు ఎండటం వంటి బాధలు మిగులుతాయి. పెద్దవయసు వారిలో అయితే మూత్రం బిగియడం, తికమకపడటం, రాత్రి లేచి పడిపోవడం వరకు వెళ్తుంది.

జవాబు 2: ఇంటిపట్టున, ఖమ్మం

అన్నయ్య గారూ, నేను వైద్యురాలిని కాదు, రెండేళ్లు దద్దుర్లతో వేగిన మనిషిని. మీరు రాసిన జాబితానే పట్టుకొని నేను మూడు వారాలు టమాట, వంకాయ, పెరుగు, ఇడ్లీ, దోసె, పచ్చళ్లు అన్నీ మానేశాను. నాలుగు కిలోలు తగ్గాను, దురద తగ్గలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి, ఏ రోజు ఏం తిన్నానో, ఎన్ని గంటలకు దురద పుట్టిందో కాలెండరు వెనక రాసుకుంటూ వచ్చాను. పెరుగుకు ఏమీ కాలేదు. వంకాయ కూర తిన్న రెండు రాత్రులూ మాత్రం గీరుకుంటూ కూర్చున్నాను. వంకాయ దురదని మా అత్తగారు మొదటి రోజునుంచీ అంటూనే ఉన్నారు, నేనే వినలేదు. వంకాయలో, పాలకూరలో, టమాటలో హిస్టమిన్ ఎక్కువని తర్వాత చదివి ఆవిడ ముందు కాస్త తల దించుకున్నాను.

కాని నా నిద్ర నిజంగా బాగుపడింది కూరలు మార్చినందుకు కాదు, దిండు మార్చినందుకు. పెళ్లినాటి బూరుగు దూది దిండు అది. ఒక ఆదివారం దాన్ని మేడ మీద దులిపితే ఎండలో పొగలా లేచిన దుమ్ము చూసి, పన్నెండేళ్లుగా ముక్కు దాని మీద పెట్టుకొని పడుకున్నానా అనిపించింది. దాన్ని తీసేసి, గలేబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకడం మొదలుపెట్టాక తెల్లవారుజామున ముక్కు దిబ్బడ సగానికి పైగా పోయింది.

జవాబు 1 రాసినవారే మళ్లీ

అమ్మా, మీరు చెప్పినది సరైన పద్ధతి. దుమ్ము మైట్లు, అంటే పక్కబట్టల దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగులు, తేమను కోరుకుంటాయి, కాబట్టి విశాఖ వంటి సముద్రతీరంలో వాటికి కొదవ ఉండదు. అరవై డిగ్రీల నీళ్లలో అవి చస్తాయి. ఆహార హిస్టమిన్ పడని స్థితిని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష ఇంతవరకు లేదు. రక్తంలో డిఏఓ కొలిచే పరీక్షలు అమ్ముతారు కాని వాటిమీద ఆధారపడలేం. కొన్ని వారాలు మాని, ఒక్కొక్కటిగా తిరిగి తిని చూసుకోవడమే మార్గం, అదీ నెలల తరబడి కాదు.

చేప విషయంలో తాజాదనమే అసలు సంగతి. కనగుర్త, కవ్వలు, ట్యూనా వంటి చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉంటుంది. ఐసు లేకుండా ఎండలో తట్టలో ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది, ఒకసారి తయారయ్యాక పులుసు ఎంత మరిగించినా అది పోదు. అయితే ఆ ప్రభావం సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల్లో ముఖం ఎర్రబారడంతో, తలనొప్పితో మొదలవుతుంది. తొమ్మిదింటికి తిన్న చేప రెండున్నరకు మొదటిసారి లేపడం అరుదు.

డిఏఓ క్యాప్సూళ్లలో అధికభాగం పంది మూత్రపిండాల నుంచి తీసినవని శాకాహారులు గమనించాలి. వాటిమీద జరిగినవి చిన్న పరిశీలనలే. క్వెర్సెటిన్ ప్రయోగశాలలో మాస్ట్ కణాలను శాంతింపజేసింది కాని, దానివల్ల మనుషుల నిద్ర మెరుగైందనడానికి గట్టి రుజువు లేదు. ఉల్లిపాయలో అది ఎలాగూ ఉంది. మద్యం అలవాటు ఉంటే అది డిఏఓను అణచివేస్తుంది, నిద్రనూ ముక్కలు చేస్తుంది. అన్నిటికన్నా ముందు మానవలసింది అదే.

జవాబు 3: వలస పక్షి, ఆస్టిన్

ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పర్వత దేవదారు పుప్పొడి గాలినిండా ఉంటుంది, ఊరందరికీ ముక్కులు కారుతాయి. నాకు పనికొచ్చిన సహజ వైద్యం ఒక్కటే, పడుకొనే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, అంటే మన జలనేతి. పావు లీటరు నీటికి అర టీస్పూనుకు కాస్త తక్కువ అయోడిన్ లేని ఉప్పు వేస్తే ముక్కు మండదు. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే అయి ఉండాలి. 2011లో లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి మరణించారు.

ఇంకొక హెచ్చరిక. నిద్రకు మంచిదని స్నేహితులు చెబితే కామమైల్ టీ తాగాను, గొంతు దురద పెట్టింది. అది చామంతి కుటుంబపు పువ్వు, ఇక్కడి ర్యాగ్‌వీడ్, మన పొలాల గట్లమీద పెరిగే వయ్యారిభామ కూడా ఆ కుటుంబానివే. వయ్యారిభామ పడనివారు ఆ టీ జోలికి జాగ్రత్తగా వెళ్లాలి.

జవాబు 4: ఆయుర్వేద విద్యార్థి, తిరుపతి

దద్దుర్లను మా శాస్త్రంలో శీతపిత్తం అంటారు, దానికి హరిద్రాఖండం ప్రసిద్ధమైన యోగం. అందులో చక్కెర గణనీయంగా ఉంటుంది కనుక మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా తీసుకోకూడదు. నిద్రకని అశ్వగంధ కొనుక్కొనేవారు చాలామంది ఉన్నారు. దానితో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, గర్భిణులకూ థైరాయిడ్ మందులు వాడేవారికీ అది సొంతంగా తీసుకొనేది కాదు. పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా ఏ కషాయమూ కాచుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారి నుంచి, నెల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. తేదీలు రాసిన కాగితం చూసి వైద్యులు జంట మాత్ర ఆపి, ఒక్క అలెర్జీ మాత్రను మాత్రమే సాయంత్రం ఎనిమిదింటికి వేసుకోమన్నారు. పది రోజుల్లో పీడకలలు ఆగిపోయాయి. ఏవిల్ మానేశాక కాళ్లు కుదుటపడ్డాయి, అయినా ఫెరిటిన్ తక్కువ ఉందని తేలి ఇనుము మాత్రలు మొదలయ్యాయి. దిండ్లు మార్చాము, ముక్కు కడుక్కోవడానికి నాలుగు రోజులు భయపడి అయిదో రోజున అలవాటు చేసుకున్నాను. రెండున్నర మెలకువ ఇప్పుడు వారానికి ఒకటి రెండు రాత్రులే, దురద మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ నెలంతా చేప ముట్టలేదు. వచ్చే ఆదివారం తెల్లవారుజామునే హార్బరుకు వెళ్లి, పడవ దిగిన కనగుర్తలను అక్కడికక్కడే ఐసులో వేయించుకొని తెచ్చి, మధ్యాహ్నం పులుసు పెట్టించి తిని చూస్తాను. సోమవారం ఉదయం వచ్చి ఇక్కడే రాస్తాను.